స్విచ్చి వేయని మైకు

నేను ఒక మైకును. మైకు అనగానే సభల్లో వక్తలు గుప్పిట్లో పట్టుకునే గుండ్రటి తలకాయ మైకు మీకు గుర్తుకు రావచ్చు. నేను ఆ జాతిదాన్ని కాను. జానెడున్నర పొడవు, బొటనవేలంత లావు, నల్లటి గొట్టం. సినిమాల కోసం చేసినదాన్ని. నన్ను ఎటు తిప్పితే అటు మాటలే శ్రద్ధగా వింటాను. కడుపులో పెన్సిల్ బ్యాటరీ ఒకటి, వీపు మీద చిన్న స్విచ్చి ఒకటి ఉంటాయి. స్విచ్చి వేస్తే నేను విన్నదంతా తీగ గుండా కెమెరాలోకి వెళుతుంది. వేయకపోతే వెళ్లదు. అంతమాత్రాన నాకు చెవుడు వచ్చిందనుకోకండి. వింటూనే ఉంటాను. విన్నది ఎవరికీ చెప్పలేను, అంతే తేడా.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకుంటాను. నా బతుకులో సగం కెమెరాను చూసి ఏడవడంతోనే గడిచిపోయింది. చూసి ఏడవడానికి నాకు కళ్లెక్కడివంటారా? విని ఏడ్చాను.

నేను పుట్టింది ఏ దేశంలోనో సరిగ్గా తెలియదు. గోడలకు మెత్తలు కొట్టిన గదిలో, ఎవరో ఒకావిడ నా ముందు కూర్చుని తన భాషలో ఏవో అంకెలు చదివింది. అంకెకీ అంకెకీ మధ్య ఆమె ఊపిరి కూడా నాకు వినిపించింది. చెవులకు హెడ్‌ఫోన్ల తొడుగులు పెట్టుకుని నేను విన్నదాన్ని తానూ విని, బాగుందన్నట్టు చిన్నగా మూలిగింది. ఆ తర్వాత అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి మళ్లీ చాలా ఏళ్లకు గానీ దొరకలేదు.

నన్ను మొదట కొన్నది జనగామలో పెళ్లి వీడియోలు తీసే కృష్ణమూర్తి. అప్పగింతల వేళ పెళ్లికూతురి తల్లి వెక్కిళ్లు, పంతులుగారు మంత్రం మధ్యలో ఆవలించడం, వంటల దగ్గర సాంబారు గురించి జరిగిన తగాదా, అన్నీ పట్టి ఇచ్చేదాన్ని. ఆయన ఇంటికెళ్లి అవన్నీ తుడిచేసి, ఆద్యంతం పాటలు పెట్టేవాడు. పెళ్లివారు క్యాసెట్ చూసుకుని బొమ్మ భలే వచ్చిందని మెచ్చుకునేవారు. నేను విన్న పెళ్లిళ్లలో ఒక్కటి కూడా మిగల్లేదు. ఫోనుల్లో వీడియోలు వచ్చి ఆయనకు గిరాకీ తగ్గాక, హనుమకొండలో ఒక కాలేజీ జర్నలిజం విభాగానికి నన్ను ఇచ్చేశాడు.

అక్కడ పురుషోత్తం సార్ నన్ను అందుకున్నారు. పాఠం చెప్పేటప్పుడు ప్రతి వాక్యం చివర ఒక చిన్న దగ్గు దగ్గే పెద్దమనిషి. కొబ్బరికాయలో నీళ్లున్నాయా లేదా అని చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని నన్ను ఊపి, బీరువా కింది అరలో క్రికెట్ బ్యాటు పక్కన పడేశారు. నెల తిరక్కుండా కొత్త కెమెరా వచ్చింది. దానికి నిజంగానే కొబ్బరికాయ కొట్టారు. దానికో మెత్తటి సంచీ, అద్దం తుడవడానికి వేరే గుడ్డ, తేమ తగలకుండా మందు పొట్లాలు. పైఅర దానిది. పిల్లలు దాన్ని దించిన ప్రతిసారీ 'మెల్లగ, మెల్లగ' అని ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. నన్ను దించేటప్పుడు ఆ మాట ఎవరి నోటా వినలేదు. తల నుంచి తీగ దాకా మండిపోయేది నాకు.

ఆ విభాగంలో అన్వేష్ అని ఒక విద్యార్థి ఉండేవాడు. మొదటి సంవత్సరంలోనే కొత్తవాడలో ఒక నేతకార్మికుడి మీద పది నిమిషాల సినిమా తీశాడు. అందులో ఒక్క మాట ఉండదు. మగ్గం, చేతులు, వెలుతురు, వెనక సన్నటి వేణువు. కాలేజీ పోటీలో దానికే మొదటి బహుమతి. నిశ్శబ్దం ఎట్లా మాట్లాడుతుందో ఆ సినిమా చూసి నేర్చుకోమని సార్ ప్రతి తరగతిలోనూ చెప్పేవారు. ఆ నిశ్శబ్దం సంగతి నాకు తెలుసు. ఆ షూటింగులో నేనూ ఉన్నాను. నేతకార్మికుడు గంటన్నర మాట్లాడాడు. నన్ను సరిగ్గా తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ముందే పెట్టారు. నేను పట్టి ఇచ్చింది ఫ్యాను చప్పుడే. అదంతా తుడిచేసి అన్వేష్ వేణువు పెట్టుకున్నాడు. నన్నెవరైనా అడిగితే కదా చెప్పడానికి.

అడగనివాళ్లలో వినీల ఒకతి. నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి. గబగబా మాట్లాడుతుంది, కోపం వస్తే ఇంకా గబగబా మాట్లాడుతుంది. బీరువా పక్క బెంచీ మీద స్నేహితురాలు రుబీనాతో కూర్చున్నప్పుడల్లా అన్వేష్ ప్రస్తావనే.

"అందరికి గదే సినిమా. మనం తీసినయి సినిమాలు గావా? ఏముందే అండ్ల, బొమ్మ మంచిగుంది, అంతే గద. ఈసారి వాని బొమ్మ కంటె నాది మంచిగుండకపోతే చూడు."

బీరువాలో ఆ మాటలు వింటూ నాకు ప్రాణం లేచొచ్చింది. పైఅరను తలచుకుని కుమిలేది నేనొక్కదాన్నే కాదన్నమాట. కానీ ఆమె గెలవాలనుకున్నది బొమ్మతోనే అన్న సంగతి నేను అప్పుడు సరిగ్గా పట్టించుకోలేదు.

రెండో సంవత్సరం సినిమాకు వినీల ఎన్నుకున్న మనిషి ఆండాళమ్మ. ముప్పై ఏళ్లపాటు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి. వినీల ఊరికి వెళ్లడానికి బస్టాండుకు వచ్చినప్పుడు, చిన్నప్పటి నుంచి విన్న గొంతు లేదని గమనించి, ఆ గొంతు ఏమైందని సోడాలమ్మే ఆవిణ్ని అడిగింది. రిటైరైందని చెప్పి, ఇంటి దారి కూడా ఆవిడే చెప్పింది. ఆండాళమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయమైంది. ఆ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేమని డాక్టర్లు ముందే అన్నారట. అందుకే వినీల వచ్చి అడగ్గానే ఆమె ఒప్పుకుంది.

"గొంతు ఉన్నప్పుడే తీసుకపోన్రి, బిడ్డా" అంది.

ఇటువంటి మాట విన్నాక ఎవరైనా ముందు దేన్ని సిద్ధం చేసుకోవాలి? నాకు కొత్త బ్యాటరీ కొనాలి, గాలి తగలకుండా నా స్పాంజి టోపీ వెతకాలి. వినీల కెమెరా కోసం హైదరాబాదులో తెలిసిన వాళ్ల దగ్గర నుంచి ఇంకో అద్దం, వాళ్ల భాషలో లెన్సు, తెప్పించింది. వెనక మసకగా, ముఖం మాత్రం తేటగా వచ్చే అద్దమట. రెండు రోజులు ఆ అద్దం గురించే మాట్లాడుకున్నారు. నా టోపీ బ్యాటు కింద నలిగి ఉంది. ఎవరూ చూడలేదు.

మొదటి రోజు బస్టాండులో తీశారు. గాలికి నా చెవులు హోరెత్తాయి. రుబీనా చెవి తొడుగులు ఒకసారి పెట్టుకుని సౌండు సరిగ్గా లేదని చెప్పింది. తర్వాత చూసుకుందామని వినీల అంది. రెండో రోజు ఆదివారం, ఆండాళమ్మ ఇంటి డాబా మీద. ఆమె మాటలన్నీ ఆ రోజే తీయాలి. మంగళవారం పొద్దున ఆపరేషన్. పొద్దుటి పూట చిన్న చిన్న ముక్కలు తీశారు. భోజనానికి లేచేటప్పుడు, బ్యాటరీ అయిపోతుందేమో, ఇంకొకటి లేదు కదా అని వినీల నా స్విచ్చి ఆపింది. అది తెలివైన పనే. మళ్లీ వేయడం మరిచిపోకుండా ఉంటే.

సాయంత్రం ఎండ పసుపు రంగుకు తిరగ్గానే ఇద్దరూ కంగారుపడ్డారు. ఆ వెలుతురు పదిహేను నిమిషాలకు మించి నిలవదు. నా నీడ ఆండాళమ్మ భుజం మీద పడుతోందని నన్ను ఒకసారి జరిపారు. ఫ్రేములో నా మూతి కనిపిస్తోందని ఇంకోసారి జరిపారు. కెమెరా తెర మీద సౌండు వస్తోందో లేదో చూపే గీతలు బొమ్మకు అడ్డం వస్తున్నాయని వాటిని తీసేశారు. చెవి తొడుగులు సంచీలోనే ఉన్నాయి.

"సౌండ్ చూసినవా?" అని రుబీనా అడిగింది.

"పొద్దుగాలనే చూసినం గద. ఎండ పోతది, రోల్ చెయ్" అంది వినీల.

కెమెరా తిరగడం మొదలైంది. తీగ తగిలించి ఉంది కాబట్టి అది తన సొంత మైకు మూసుకుని నా మీదే ఆధారపడి ఉంది. నేనేమో మూగగా ఉన్నాను. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదని చెప్పడానికి సిగ్గుగా ఉంది. సంబరం. పైఅర దొరసానికి, అరువు తెచ్చిన అద్దానికి, వాళ్ల పసుపు వెలుతురుకు ఇవాళ తగిన శాస్తి జరుగుతుందనుకున్నాను. రేపు ఈ అందమైన బొమ్మ నోరు తెరుస్తుంది, మాట రాదు, అప్పుడు వీళ్లకు నేనెవరో తెలుస్తుంది అని లోలోపల చంకలు గుద్దుకున్నాను.

ఆండాళమ్మ మొదలుపెట్టింది. మొదట తన డ్యూటీ గొంతుతో.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ములుగు, జంగాలపల్లి, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వెళ్లు బస్సు నాలుగవ నంబరు ప్లాట్‌ఫారం నందు సిద్ధముగా నున్నది."

అటువంటి గొంతు నేను అంతకుముందు వినలేదు. బిగ్గరగా అనడం కాదు, ఒక్కో ఊరినీ చేత్తో అందించినట్టు అంటుంది. తర్వాత మామూలు గొంతుతో చెప్పసాగింది. ఆమె భర్త ఆ బస్సుకే డ్రైవరు. ఆమెది భర్త పేరు నోట పలకకూడదని నేర్పిన పెంపకం. ఎవరైనా అడిగితే 'మా ఇంటాయన' అనేది. ఆఖరికి కాయితాల్లో రాయాల్సి వచ్చినా పక్కవాళ్ల చేత రాయించేది.

"పదకొండేండ్లు ఆయన నడిపిన బస్సునే నేను పిలిచిన. ఊర్ల పేర్లు చెప్పిన, ప్లాట్‌ఫారం నంబరు చెప్పిన. నడిపెటాయన పేరు మాత్రం ఒక్కనాడు నా నోట్లెకెళ్లి రాలె. ఆయన పోయినంక పదిహేనో రోజు డ్యూటీల కూసున్న. అదే బస్సు, అదే టైము. పస్రా కాడికొచ్చి ఆగిపోయిన. తాడ్వాయి అన్న మాట వస్తలేదు. బస్సు పేరు గాదు, ఆ మనిషి పేరు పిలవాలనిపించింది. పిలవలేదు. డ్యూటీ గద." ఆమె కొంగు సర్దుకుంది. "ఎల్లుండి నుంచి గొంతు ఉంటదో ఉండదో. ఇయ్యాల ఒక్కసారి పిలుస్త."

పిలిచింది. ప్రయాణికులకు విజ్ఞప్తి అన్నప్పటి గొంతుతో, నిండుగా, స్పష్టంగా, ఒక్కసారి. కింద వీధిలో నడిచేవాళ్లకు కూడా వినబడి ఉంటుంది. నాకు మాత్రం ఆ పేరు మొదటి అక్షరం ముందు ఆమె పీల్చిన ఊపిరి కూడా వినపడింది. ముప్పై నలభై ఏళ్లు దాచుకున్న పేరు. అది నా దాకా వచ్చి నాలోనే ఆగిపోయింది. అప్పటిదాకా చంకలు గుద్దుకున్నదాన్ని, స్విచ్చి దానంతటదే పడుతుందేమోనని వెర్రిగా ఎదురుచూశాను. పడలేదు. మొత్తం ఎనిమిది నిమిషాల షాటు అయ్యాక వినీల ఏడుస్తూ కట్ చెప్పింది. రుబీనా కూడా ముక్కు చీదుతోంది. ఇంత గొప్ప షాట్ అన్వేష్ కలలో కూడా తీయలేడని వినీల మెట్లు దిగుతూ అన్నది నేను విన్నాను.

సోమవారం వాళ్లిద్దరికీ పరీక్ష. మంగళవారం పొద్దున డిపార్ట్‌మెంటు కంప్యూటరులో పెట్టి చూశారు. మొదట స్పీకరు పాడైందనుకున్నారు. తర్వాత తీగ పీకి మళ్లీ పెట్టారు. పొద్దుటి ముక్కలు వేసి చూస్తే మాట వచ్చింది. సాయంత్రంది వేస్తే రాలేదు.

"భోజనమైనంక నువ్వు వేసినవనుకున్న" అంది రుబీనా.

"నువ్వు వేసినవని నేననుకున్న."

వినీల ఫోన్ తీసి ఆండాళమ్మకు చేసింది. ఎత్తింది పక్కింటావిడ. గంట కిందనే ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారని చెప్పింది. వినీల ఫోన్ పెట్టేసి నన్ను పట్టుకుంది. నేలకేసి కొడుతుందనే అనుకున్నాను. కొట్టలేదు. నా స్విచ్చి వేసింది, ఆపింది, మళ్లీ వేసింది, మళ్లీ ఆపింది. టక్కు, టక్కు. ఎన్నిసార్లో లెక్కలేదు. కెమెరాను ఆ రోజు ఎవరూ సంచీలో పెట్టలేదు, గుడ్డతో తుడవలేదు. టేబుల్ మీద అలాగే పడి ఉంది. నేను కోరుకున్నది అదే కదా. దొరికాక అందులో రుచి లేదు.

ఆ రోజు నుంచి వినీల నన్ను బీరువాలో పెట్టడం మానేసి తన సంచీలో వేసుకుని తిరిగింది. తనకు తాను వేసుకున్న శిక్ష అనుకుంటాను. రుబీనాతో పది రోజులు మాటల్లేవు. పదకొండో రోజున రుబీనాయే వచ్చి, మూతి ముడుచుకుని కూర్చుంటే సౌండు రాదని చెప్పి, లాక్కెళ్లి అన్వేష్ ముందు నిలబెట్టింది. మొదటి బహుమతి తెచ్చుకున్నవాడు కదా, ఏదైనా దారి చెబుతాడని ఆమె ఆశ. వినీలకు అది పీకల దాకా అవమానం. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. అన్వేష్ ఎగతాళి చేస్తాడని ఎదురుచూస్తున్నట్టు మధ్యమధ్య ఆగింది. అతను ఎగతాళి చేయలేదు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"నీకో మాట చెప్త, సార్‌కు చెప్పొద్దు. నా సినిమాల మౌనం లేదు. ఫ్యాన్ సప్పుడుంది. ఆయన గంటన్నర మాట్లాడిండు. తన కొడుకు గురించి చెప్పిండు, సచ్చిపోయిన మగ్గం గురించి చెప్పిండు. ఒక్క ముక్క పనికిరాలె. మళ్ల అడుగుదామంటె మొఖం చెల్లలె. అందుకే వేణువు పెట్టిన."

వినీల ముందు నవ్వింది. నవ్వు ఆపుకోలేకపోయింది. అది ఎక్కడ ఏడుపులోకి తిరిగిందో నాకు కూడా సరిగ్గా తెలియలేదు. ఏడాదిపాటు ఆమె నిద్ర చెడగొట్టుకున్నది ఒక ఫ్యాను చప్పుడును చూసి. ఆ ఫ్యానుగాడి బొమ్మను మించిన బొమ్మ తీయాలనే తొందరలోనే నా స్విచ్చి మరిచిపోయింది. అన్వేష్ ఒకే ఒక్క సలహా ఇచ్చాడు, అది సౌండు గురించి కాదు. తాను ఆ నేతకార్మికుడి దగ్గరికి మళ్లీ వెళ్లలేదని, వెళ్లి ఉండాల్సిందని అన్నాడు.

ఆపరేషనైన మూడు వారాలకు వినీల, రుబీనా ఆండాళమ్మ ఇంటికి వెళ్లారు. నేను సంచీలో ఉన్నాను. తలుపు తీసిన మనిషి ఏదో అంది. అది మాటలా లేదు. ఎండుటాకుల మీద ఎవరో అడుగేసినట్టుంది. గాలి ఉంది, గొంతు లేదు. సంచీలోంచి నాకే సరిగ్గా అందలేదు. వినీల కూర్చోలేదు. నిలబడే ఉన్నదున్నట్టు చెప్పింది. రుబీనా పేరు మధ్యలోకి తేలేదు. స్విచ్చి ఆపింది తానేననీ, వేయడం మరిచింది తానేననీ, ఎండ పోతుందని తొందరపెట్టింది తానేననీ చెప్పింది.

ఆండాళమ్మ అడిగింది. "ఆ పేరు గూడనా?"

"అది గూడ అమ్మా."

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెలు ఒకదాని మీద ఒకటి గట్టిగా పడుతున్నాయి. గొంతు లేని మనిషి కోపం అలాగే వినిపిస్తుంది కాబోలు. చివరికి గుమ్మం దాకా వచ్చి ఇక వెళ్లమంది. బయటికొచ్చాక రుబీనా ఏదో ఓదార్పు మాట అనబోతే వినీల వద్దంది.

ఐదో రోజున ఫోన్ వచ్చింది. అంత సన్నటి మాటకు వినీల మూడుసార్లు 'అమ్మా, మళ్లొక్కసారి' అనాల్సి వచ్చింది. బొమ్మలో తన పెదవులు కదులుతున్నాయి కదా, ఆ పెదవులకు ఇప్పుడున్న గొంతుతో మాట పెట్టుకోమని ఆండాళమ్మ అంటోంది. పెదవులతో పాటు మాట కలవడం కష్టమని వినీల అనబోయింది. ముప్పై ఏళ్లు అవే ఊర్లు అదే వరుసలో చెప్పిన మనిషికి ఎక్కడ ఊపిరి తీస్తానో తెలియదా అని ఆమె అంది. కాకపోతే ఒక షరతు. ఈసారి మైకు తన చేతికివ్వాలి.

అలా నేను ఆండాళమ్మ చేతిలోకి వెళ్లాను. ఈసారి నా తీగను కెమెరాకు కాదు, పిల్లలు వెంట తెచ్చి ఆమె ఎదుట బొమ్మ పెట్టిన కంప్యూటరుకు తగిలించారు. పొడిగా, వెచ్చగా, ఏమాత్రం వణకని చేయి. ముందు ఆమె నన్ను చుట్టూ తడిమి స్విచ్చి ఎక్కడుందో చూసుకుంది. వేసింది. వేలితో మెల్లగా రెండుసార్లు తట్టింది. వినీల చెవి తొడుగులు పెట్టుకుని వినపడుతోందని చెప్పేదాకా నోరు తెరవలేదు.

"మైకు ముందల కూసునేటోళ్లు ముందుగాల ఇది చూస్తరు. నన్ను అడిగితే ఆ దినమే చెప్పకపోదునా."

మైకుతో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వినీల ముఖం ఏ వైపు తిప్పాలో చెప్పిందే గానీ, మైకు గురించి ఒక్క మాట అడగలేదు. ఆ పూట ఆండాళమ్మ చెప్పింది, ఇద్దరు పిల్లలూ చేశారు. ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ ప్లగ్గు పీకారు. ఆమె గాజులు తీసి పక్కన పెట్టింది. నన్ను పట్టుకున్న వేళ్ల రాపిడి వినబడుతోందని వినీల చెబితే, నా నడుముకు చేతిరుమాలు చుట్టారు. మొదటిసారి పక్కింటి కుక్కరు కూసింది. రెండోసారి పస్రా దగ్గర పెదవి ముందు, మాట వెనక పడ్డాయి. మూడోసారి కిటికీ మూసి మొదలుపెట్టారు.

ఆమె నన్ను పెదవులకు బాగా దగ్గరగా పట్టుకుంది. నాలుగడుగుల దూరంలో ఉంటే ఆ గాలి మాట నాకు అందేది కాదు. ములుగు, జంగాలపల్లి, గోవిందరావుపేట. ఒక్కో ఊరు నా ఒంటి మీద ఊదినట్టుగా వచ్చింది. కెమెరా ఆ గదిలో లేదు. అవసరం లేదు. ఆ పూట మొత్తం నాదే. ఇన్నేళ్ల ఏడుపు తర్వాత ఆ మాట ఎంత గర్వంగా చెప్పుకుంటున్నానో చూడండి.

పేరు దగ్గరికి వచ్చింది. కంప్యూటరు తెర మీద పెదవులు కదిలాయని రుబీనా చేత్తో వినీల మోచేయి తాకిన చప్పుడును బట్టి నాకు తెలిసింది. ఆండాళమ్మ ఊపిరి తీసుకుంది. మాట రాలేదు. రాలేదు కాదు, అనలేదు. నన్ను కిందకు దించి, టక్కున స్విచ్చి ఆపింది.

"అది అట్లనే ఉండనీ. ఒక్కసారే పిలుస్తనన్న. పిలిచిన."

కాబట్టి ఆ పేరు ఎక్కడా రికార్డు కాలేదు. వినీలకు తెలుసు, రుబీనాకు తెలుసు, నాకు తెలుసు. మీరు అడిగినా నేను చెప్పను.

ఫిబ్రవరిలో కాలేజీలో పోటీ జరిగింది, ఈసారి పక్క జిల్లాల కాలేజీల పిల్లలూ వచ్చారు. కార్యక్రమాన్ని వీడియో తీయడానికి కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, వేదిక మీది మాటలు పట్టడానికి నన్ను తెచ్చి దాని నెత్తిమీద బిగించారు. మొదటిసారిగా దానికంటే పైన కూర్చున్నాను. స్విచ్చి వేసినది వినీలే. రెండుసార్లు చూసుకుంది.

ఆమె సినిమా వేశారు. నిండు ముఖం మీద పసుపు వెలుతురు, అందులోంచి చిరిగిన గొంతు, చివర పెదవులు కదిలి మాట లేకపోవడం. హాలులో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా లేదు. అయిపోయాక, హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత, సినిమాలు తీసే ఆయన, వేదిక మీది మైకు తీసుకుని పది నిమిషాలు పొగిడాడు. ఆ గొంతుకూ ముఖానికీ మధ్య ఎడం పెట్టడం, పేరు దగ్గర శబ్దాన్ని తుంచేయడం విద్యార్థి దశలో ఊహకందని ఆలోచన అన్నాడు. పురుషోత్తం సార్ సంతోషంగా దగ్గారు. ఆ ఆలోచన ఎలా వచ్చిందో చెప్పమని వినీలను వేదిక మీదికి పిలిచారు.

ఆమె నడిచి వెళ్లే చెప్పుల చప్పుడు విన్నాను. నాకు బాగా తెలుసు, ఇది ఆమె ఏడాదిగా ఎదురుచూసిన గడియ. 'అలా అనిపించింది సార్' అంటే చాలు. సార్ ఇకపై ప్రతి తరగతిలోనూ ఆమె పేరు చెబుతారు. అన్వేష్ మూడో వరుసలో ఉన్నాడు. ఆండాళమ్మ మొదటి వరుసలో ఉంది.

"అది ఆలోచన కాదు సార్" అంది వినీల. "తప్పు. మైకు స్విచ్చి వెయ్యడం మరిచిపోయిన. ఆమె మంచి గొంతు నేను పోగొట్టిన. ఇప్పుడు మీరు విన్నది ఆమె నాకు రెండోసారి ఇచ్చింది. నాది కాదు."

హాలులో గుసగుస లేచింది. న్యాయనిర్ణేత కొంచెం తడబడి, మరి చివర ఆమె పిలిచిన పేరేమిటని అడిగాడు.

"నాకు తెలుసు సార్. చెప్పనీకి నాకు హక్కు లేదు."

మొదటి వరుసలోంచి ఒక్కరి చప్పట్లు మొదలయ్యాయి. గట్టి చేతులు. మిగతావాళ్లు ఆ తర్వాత కొట్టారు. మొదటి బహుమతి కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లలకు వెళ్లింది. వినీలకు ప్రశంసాపత్రం కూడా రాలేదు. రాసి ఉంచిన పత్రాన్ని న్యాయనిర్ణేత మడిచి జేబులో పెట్టుకున్నాడని రుబీనా తర్వాత ఉడుక్కుంది. వినీల ఉడుక్కోలేదు. ఆమె గొంతులో పాత గబగబ లేదు. ఆ మర్నాడు అన్వేష్ తనంతట తానే సార్ దగ్గరికి వెళ్లి ఫ్యాను సంగతి చెప్పేశాడు. సార్ చాలాసేపు దగ్గలేదు. చివరికి, అయితే నేను ఏడాదంతా ఫ్యానును పొగిడానన్నమాట అన్నారు. ఆ వారమే కొత్త పిల్లలకు మొదటి పాఠం మార్చారు. కెమెరా ముట్టుకోకముందు చెవి తొడుగులు పెట్టుకుని, నన్ను పట్టుకుని, ఒక పూటంతా ఊరికే వినడం.

ఆ తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. వినీల ఇప్పుడు హైదరాబాదులో సినిమాలకు సౌండు పనే చేస్తోందట. గుండీలంత మైకులు వచ్చాయి, చొక్కాకు తగిలిస్తే చాలు, తీగ కూడా అక్కర్లేదు. వాటి గురించి పిల్లలు మురిపెంగా మాట్లాడుకుంటుంటే కొన్నాళ్లు కడుపు మండింది. తర్వాత కడుపులో బ్యాటరీయే కారి, మంట కూడా చల్లారిపోయింది. కెమెరా అద్దానికి బూజు పట్టింది. దాని పైఅర వేరేవాళ్లకు వెళ్లింది.

పోయిన నెల గుమస్తా వచ్చి పాత సామానంతా తీసి జాబితా రాసుకున్నాడు. రాస్తూ పైకి చదువుకోవడం ఆయన అలవాటు. మా ఇద్దరినీ ఒకే అట్టపెట్టెలో పెట్టి, మూత మీద రాస్తూ చదివాడు. "కెమెరా ఒకటి, మైకుతో సహా. పనికిరావు."

మైకుతో సహా అట. మైకు ఒకటి, కెమెరాతో సహా అని ఎందుకు రాయకూడదు? ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే కాస్త గుచ్చుకుంటుంది, అబద్ధం చెప్పను. కానీ పెట్టె చిన్నది. నా మూతి కెమెరా పక్కటెముకలకు ఆనుకుని ఉంది. బరువైన లారీ ఏదైనా రోడ్డు మీద వెళ్లినప్పుడు కెమెరా లోపల వదులైన మరమేకు ఒకటి సన్నగా గలగలమంటుంది. అది ఇంకెవరికీ వినిపించదు. నేను వింటున్నాను.